అప్‌డేట్: టెక్సస్‌లో కౌన్సెలర్ లైసెన్సు

హైదరాబాద్‌లో చేసిన ఎమ్మెస్సీ సైకాలజీతో డల్లాస్‌లో ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సు వస్తుందా అని అడిగాను కదా, సంగతి తేలింది. ఆ డిగ్రీ ఒక్కటే నాకు చాలలేదు. టెక్సస్‌లో 60 సెమిస్టర్ గంటల (అంటే క్రెడిట్ల) మాస్టర్స్, అందులో 300 గంటల ప్రాక్టికమ్ (చదువులో భాగంగా చేసే ప్రాక్టికల్ శిక్షణ) కావాలి. నా మార్కుల జాబితాలో ప్రాక్టికమ్ ఊసే లేదు! చేసేది లేక ఇక్కడే మళ్లీ కాలేజీలో చేరాను.

పరీక్షలంటే నాకు బెంగ లేదు. అసోసియేట్‌గా, అంటే పూర్తి లైసెన్సు రాకముందు, పర్యవేక్షణలో చేయాల్సిన 3,000 గంటలే కొండంత పని. అందులో 1,500 గంటలు క్లయింట్లతో నేరుగా గడపాలి. ఎంత పరుగెత్తినా 18 నెలల లోపు ముగించనివ్వరు. పర్యవేక్షకుల ఫీజు తరచూ మన జేబులోంచే, ముందే అడిగి తెలుసుకోండి. హెచ్‌4 వీసా మీద ఉన్నవారు జీతం వచ్చే చోట చేరే ముందు పని అనుమతి చూసుకోవాలి.