కామాక్షి అనే పేరు మన వైపుదేనా, కంచి నుంచి వచ్చిందా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)
వచ్చే వారం మా పాపకు నామకరణం. జొన్నవాడ అమ్మవారికి మొక్కుకున్నాక పుట్టిన బిడ్డ కనుక కామాక్షి అనే పేరే పెట్టాలని బుచ్చిరెడ్డిపాళెం ఆడపడుచైన మా అత్తగారు పట్టుబడుతున్నారు. మావారేమో అది అరవ పేరనీ, పైగా పాతబడిపోయిందనీ అంటున్నారు. దీని అర్థమేమిటో, నెల్లూరు వైపు ఇంతగా ఎందుకు వినిపిస్తుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (నెల్లూరు నుంచి)
అమ్మా, పేరు సంస్కృతానిది కనుక అరవానికెంతో తెలుగుకూ అంతే. కోరినది ఇచ్చే కన్నులు గలది అని అర్థం. ‘క’ సరస్వతి, ‘మ’ లక్ష్మి, ఆ ఇద్దరినీ కన్నులుగా గలది అని పెద్దలు చెప్పే అర్థం భక్తికి బాగుంటుంది గానీ, లలితా సహస్రనామంలో ‘కామాక్షీ కామదాయినీ’ అని రెండు నామాలూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి నాకు మొదటిదే సరిగా తోస్తుంది.

కంచి ప్రసిద్ధి కాదనలేనిదే అయినా, మన జిల్లాలో ఈ పేరును నిలబెట్టింది పెన్న ఒడ్డున ఉన్న జొన్నవాడ. కశ్యపుడు యజ్ఞం చేసిన చోటు జన్నవాడ అయి, అదే జొన్నవాడగా మారిందని స్థలపురాణం. యజ్ఞానికి జన్నం తద్భవమే కదా. అక్కడి స్వామి మల్లికార్జునుడు, అయినా జనం నోట అది కామాక్షమ్మ గుడే. బ్రహ్మోత్సవాలలో కొడిముద్ద ప్రసాదం కోసం సంతానం లేని స్త్రీలు బారులు తీరుతారు. ఆ తరువాత ఆడపిల్ల పుడితే కామాక్షి, మగబిడ్డ పుడితే కామాక్షయ్య.

జవాబు (కావలి నుంచి)
నా పేరూ అదే. మా తరగతిలో పంతులుగారు ‘కామాక్షీ’ అని పిలిస్తే ముగ్గురం లేచి నిలబడేవాళ్లం. ఒక్క జాగ్రత్త చెబుతాను: కామాక్షికి అమ్మ చేరితే ఇత్వసంధి వల్ల కామాక్షమ్మ అవుతుంది, ఎలా పిలిచినా పలకడానికి రెండూ ఒకటే, కాగితాల మీద మాత్రం ఇద్దరు మనుషులు. నా పదో తరగతి సర్టిఫికెట్టులో అమ్మ ఉంది, ఆధార్‌లో లేదు. బ్యాంకు ఖాతా కోసం నోటరీ అఫిడవిట్టు ఇవ్వవలసి వచ్చింది. జనన ధ్రువపత్రంలో ఏది రాయిస్తారో ముందే తేల్చుకోండి.

జవాబు (చీమకుర్తి నుంచి)
అరవ పేరు అనే మీవారికి ఒక మాట చెప్పండి. తంజావూరు బంగారు కామాక్షిని కొలిచిన శ్యామశాస్త్రిగారు ఆ తల్లి మీద కట్టిన కీర్తనలలో చాలా భాగం తెలుగులోనే ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. కామాక్షి అనే రాయిస్తున్నాము, అమ్మ చేర్చకుండా. అత్తగారు ఎలాగూ కామాక్షమ్మా అనే పిలుస్తారు.