పెనాల్టీలో ఆగి కొడితే ఎల్లో కార్డ్ ఇచ్చారు, కరెక్టేనా?

బెజవాడ లెఫ్టీ: నిన్న పొద్దున ఫుట్‌బాల్ మ్యాచ్ టైబ్రేకర్ పెనాల్టీల దాకా వెళ్ళింది. నేను పరిగెత్తుకెళ్ళి బాల్ పక్కన కాలు ఆనించి కొట్టబోయినట్టు ఊపి ఆపేశా, కీపర్ ఎడమవైపు పడిపోయాడు, నింపాదిగా కుడివైపు తోశా. రిఫరీగా ఉన్న మాస్టారేమో గోల్ లేదు పొమ్మని పైగా ఎల్లో చూపించారు. నెయ్‌మార్ కూడా ఆగి ఆగి కొడతాడు కదా?

గుంటూరు గోలీ: మాస్టారు కరెక్టే బ్రో. పరిగెత్తేటప్పుడు ఆగు, తడబడు, నీ ఇష్టం. పరుగు అయిపోయాక కొట్టినట్టు నటిస్తే మాత్రం తప్పు, 2010లోనే తేల్చేశారు. టైబ్రేకర్‌లో అయితే ఆ కిక్ మిస్ కింద రాసేస్తారు. బాల్ కదిలేదాకా మాకు కనీసం ఒక పాదం లైన్ మీదుండాలి, వెనకేమో 7.32 మీటర్ల గోలు, మీరు ఇంకా మోసం కూడా చేస్తామంటే ఎట్టా 😄

బెజవాడ లెఫ్టీ: అయితే పనెంకా, అదే బాల్‌ని మెల్లగా లేపి గోల్ మధ్యలోకి వేసే కిక్, బెటరంటావా, దానికి ఏ రూలూ అడ్డు లేదుగా

సత్యనారాయణపురం 10: నేను ట్రై చేశా, ఆ కథ అడగొద్దు. సరే చెప్తా. గట్టిగా కొట్టేవాడిలా ఫుల్ స్పీడ్‌లో వెళ్ళి బాల్ కిందకి బొటనవేలు పెట్టి మెల్లగా లేపా, మధ్యలోకి, అచ్చం అనుకున్నట్టే లేచింది. కానీ ఆ రోజు రెగ్యులర్ కీపర్ రాలేదని ఎవరి తమ్ముడినో నిలబెట్టారు, పిల్లోడికి డైవ్ కొట్టడమే రాదు, ఉన్నచోటే ఉన్నాడు, బాల్ వెళ్ళి వాడి చేతుల్లో ప్రసాదంలా పడింది. వారం రోజులు గ్రూపులో అదే స్టిక్కర్.

గుంటూరు గోలీ: 😂😂 అదే పాయింటు, ముందే దూకే కీపర్ మీదే అది పనిచేస్తది. 1976 యూరో ఫైనల్లో పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మయర్ దూకాడు కాబట్టే ఆ కిక్ కొట్టిన పనెంకా హీరో అయ్యాడు, పైగా అది చెకొస్లొవేకియాకి కప్పు తెచ్చిన కిక్కు. ఆయనేం గాలివాటంగా కొట్టలేదు, క్లబ్బులో ప్రాక్టీస్ అయ్యాక సొంత కీపర్‌తో చాక్లెట్లు, బీర్లు పందెం కాసి నేర్చుకున్నాడు. 2006 వరల్డ్ కప్ ఫైనల్లో జిదాన్ కొట్టిన పనెంకా చూడండి, క్రాస్‌బార్‌కి తగిలి లోపల పడింది, ఇంకొంచెం పైకెళ్తే అంతే సంగతులు.

బెజవాడ లెఫ్టీ: శనివారం ఆరింటికి గ్రౌండ్‌కి రా గోలీ, పది కిక్కులు, ప్లేటు పునుగులు పందెం

గుంటూరు గోలీ: వస్తా. ఒక్కదానికీ కదలను, చూస్కో