తోడేళ్ల వేటకు ఐరోపా తలుపు తీసింది, మరి మన ఉద్దానం ఎలుగుల మాట?

(మారుపేర్లతో సాగిన ఒక చర్చ)

పిక్కల బస్తా (వజ్రపుకొత్తూరు మండలం)

వన్యప్రాణుల రక్షణ కోసం కుదిరిన 1979 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం ఐరోపాలో తోడేలుకు కట్టుదిట్టమైన రక్షణ ఉండేది. 2024 డిసెంబరులో దాన్ని ఒక మెట్టు కిందికి దించారు. 2025లో ఐరోపా సమాఖ్య తన చట్టాన్ని కూడా అందుకు తగ్గట్టు సవరించుకుంది. ఇకమీదట ఏ దేశానికి ఆ దేశం లెక్క చూసుకుని కొన్నిటిని వేటాడనివ్వవచ్చు. వాళ్ల బాధ గొర్రెలు. ఏటా అరవై వేలకు పైగా పశువులను తోడేళ్లు చంపుతున్నాయట.

మా దగ్గర, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పోతున్నవి గొర్రెలు కావు, మనుషులు. 2018 జూన్‌లో సోంపేట మండలంలో భార్యాభర్తలిద్దరూ ఎలుగు దాడిలో చనిపోయారు. 2022 జూన్‌లో మా మండలంలోని కిడిసింగిలో ఒకరి ప్రాణం పోయింది, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. గొర్రె కోసం వాళ్లు చట్టం మార్చుకోగా లేనిది, మనిషి కోసం మనం ఎందుకు మార్చుకోకూడదు?

ఏటా జీడి పంటకు ముందు, ఊళ్ల మీదికి వచ్చే ఎలుగులను కొన్నిటిని కాల్చడానికి అనుమతి ఇవ్వాలి. ఇదే నా మాట. తిట్టదలచుకున్నవారు తిట్టవచ్చు. తెల్లవారుజామున ఐదింటికి ఒక్కసారి మా తోటలోకి వచ్చి తిడితే ఇంకా సంతోషం.

బొబ్బిలి మాస్టారు

తమ్ముడూ, తిట్టడానికి రాలేదు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నోరు ఊరుకోక రాస్తున్నాను.

ఐరోపా సమాఖ్యలో ఇప్పుడున్న తోడేళ్లు ఇరవై వేల పైమాటే. మన దేశం మొత్తం మీద మూడు వేల చిల్లర. వాళ్లు ఒక మెట్టు దించారంటే దించేందుకు మెట్లున్నాయి. మనం ఆ మెట్లన్నీ తెల్లదొరల కాలంలోనే దిగిపోయాం. తోలు తెస్తే తలకింత అని బహుమతి ఇచ్చేవారు. 1875 నుంచి 1925 లోపు అలా చంపిన తోడేళ్లు రెండు లక్షలని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. అంత చంపినా తోడేలు భయం పోయిందా? 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్‌లో తలుపుల్లేని ఇళ్లలో, ఆరుబయట పడుకున్న పిల్లలను ఎత్తుకుపోయాయి. అధికారులు ఐదింటిని పట్టుకున్నారు, ఆరోదాన్ని ఊరివాళ్లే కొట్టి చంపారు. మరుసటి ఏడాది మళ్లీ దాడులు జరిగాయి.

ఇక వేటకు అనుమతి అన్నారు కదా. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2021 ఫిబ్రవరిలో 119 తోడేళ్లను చంపవచ్చని వేటగాళ్లకు లెక్క ఇచ్చారు. మూడు రోజులు నిండకుండానే 218 చచ్చాయి. వాటిలో పశువులను తిన్నది ఏదో, లేళ్లను తిని తన మానాన తాను బతికింది ఏదో తూటాకు తెలుస్తుందా? ఫిబ్రవరిలో మీరు కాల్చే ఎలుగు ఏప్రిల్‌లో మనిషి మీద పడబోయేదేనని ఎవరు చెబుతారు?

పిక్కల బస్తా

మాస్టారూ, మీ లెక్కలు బాగున్నాయి. మాకు మాత్రం ఏ ఎలుగైనా ఎలుగే. చీకట్లో దాని నుదుటి మీద పేరు రాసి ఉండదు.

ఇంకొక సంగతి. ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డర్ లెయెన్ పెంచుకున్న డాలీ అనే పొట్టి గుర్రాన్ని 2022లో తోడేలు చంపింది. చట్టం దానివల్లే మారిందని నేను అనను. కానీ మా తోటలో జీడిపిక్కలు ఏరే ముసలమ్మకు, ఆ గుర్రానికి మధ్య ఎవరి మాట ఎంత దూరం వెళుతుందో మీరే ఆలోచించండి.

మంద వెంట (రాజాం)

గుర్రం సంగతి చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధ కూడా వేసింది.

మాది గొర్రెల ఇల్లు. తోడేలును నేను చూడలేదు, మా తాత చూశాడు. మంద తోలుకుని వెళ్లి రాత్రి పొలంలో దిగితే చుట్టూ తడికలు కట్టి నడుమ నెగడు వేసేవారట. తోడేలు ఒక మూల నుంచి తొంగి చూసి కుక్కలను అటు లాగుతుందట, రెండోది ఇంకో మూల నుంచి పిల్లను ఎత్తుకుపోతుందట. ఈ మాట చెప్పేటప్పుడు తాత గొంతులో కోపం కన్నా మెచ్చుకోలే ఎక్కువ ఉండేది. ‘దాని వాటా అది పట్టుకుపోయింది’ అనేవాడు. ఏడాదికి రెండో మూడో పోతే పోయాయని ముందే లెక్క వేసుకునేవాడు.

ఇప్పుడు మా మందను చంపుతున్నవి ఊరకుక్కలు. కిందటి వానాకాలంలో ఒక్క రాత్రి పదకొండు పోయాయి. కుక్క తినదు, గొంతు కొరికి వదిలేసి ఇంకోదాని మీద పడుతుంది. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తే బురదలో అన్నీ ఒక పక్కకే తల పెట్టి పడి ఉన్నాయి. ఒక్క రూపాయి పరిహారం లేదు, ఎందుకంటే కుక్క అడవి జంతువు కాదట! తోడేలు చంపి ఉంటే కాగితం పెట్టుకునేందుకైనా ఒక దారి ఉండేది. ఇది చర్చకు పక్కదారి అనుకుంటే వదిలేయండి, కడుపు మంటతో రాశాను.

నల్లకోటు (శ్రీకాకుళం)

పక్కదారి కాదు, మీరు అసలు చోటికే వచ్చారు. చట్టంలో ఉన్నది చెబుతాను, ఎవరికి ఏది ఉపయోగమైతే అది తీసుకోండి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు, ఎలుగు రెండూ మొదటి షెడ్యూలులోనే, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. అలాంటి జంతువు మనుషుల ప్రాణానికి ప్రమాదంగా మారినా, కోలుకోలేని జబ్బో గాయమో అయినా 11వ సెక్షన్ కింద దాన్ని చంపేందుకు అనుమతి ఇవ్వవచ్చు. ఇవ్వవలసింది రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి. ముందు పట్టడానికి, మత్తు ఇవ్వడానికి, వేరేచోటికి తరలించడానికి కుదరదని ఆయన నిర్ధారించుకోవాలి, కారణాలు రాతపూర్వకంగా పెట్టాలి. పంట పాడుచేసిందని మొదటి షెడ్యూలు జంతువును చంపడానికి వీల్లేదు.

చాలామందికి తెలియనిది అదే సెక్షన్‌లోని రెండో భాగం. మీద పడిన జంతువు నుంచి తనను గానీ పక్కవాణ్ణి గానీ కాపాడుకోవడానికి, వేరే దురుద్దేశం లేకుండా, చంపినా గాయపరిచినా నేరం కాదు. చచ్చిన జంతువు మాత్రం ప్రభుత్వ ఆస్తి. గోళ్లు, తోలు దాచుకుంటే వేరే కేసు.

పిక్కల బస్తా గారు అడిగిన ముందస్తు వేటకు ఈ చట్టంలో చోటు లేదు. ‘హాని జంతువు’ అని ప్రకటించే 62వ సెక్షన్ కూడా మొదటి షెడ్యూలుకు వర్తించదు. బీహారులో అడవిపందిని, నీల్‌గాయ్‌ని అలా ప్రకటించారు గానీ ఎలుగును ఎక్కడా కాదు.

పిక్కల బస్తా

అంటే ఎలుగు నా మీద పడ్డాక నేను బతికి ఉంటే, చేతిలో కత్తి ఉంటే, అప్పుడు నాకు హక్కు ఉందన్నమాట. బాగుంది సార్.

గెడ్డ ఒడ్డు (మందస)

అన్నయ్యా, నవ్వు ఆపుకోలేకపోయాను, క్షమించండి. కానీ నాది కూడా జీడితోటే. ఐదింటికి ఎందుకు వెళ్తామో మీరు ఇక్కడ రాయలేదు. మాస్టారి లాంటివారికి తెలియాలి కదా, నేను రాస్తాను.

ఎండ ఒక కారణం. అసలు కారణం దొంగలు. రాత్రి రాలిన పిక్కలు తెల్లారేసరికి మనం ఏరకపోతే ఇంకొకరు ఏరుకుపోతారు. 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకునేవాళ్లకు రోజూ రెండు గంపలు తగ్గితే సీజన్ చివర ఏం మిగులుతుంది? అందుకని మా అమ్మ చీకటితోనే లేస్తుంది. ఎలుగు తోటలో ఉండే వేళా అదే. ఇద్దరిదీ ఒకే డ్యూటీ.

కిందటి ఏప్రిల్‌లో అమ్మ వెంట నేనూ వెళ్లాను. చెట్టు కింద పండు చేతిలోకి తీసుకుని, పిక్క మెలిపెట్టి గంపలో వేసి, పండును వెనక్కి విసరడం. ఎవరమైనా చేసేది ఇదే. ఆ పండ్లన్నీ కుప్ప పడి, నాలుగు రోజులకు పులిసి, తోటంతా కల్లు వాసన. అటు నుంచి చప్పుడు వినిపించింది. ఎవరో గిన్నెలో గంజి జుర్రుతున్నట్టు, మధ్య మధ్య ఊదుతున్నట్టు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. వేళ్లకు జీడిసొన అంటి ఉంది, నాకు ఇంకా ఆ మంట గుర్తుంది. అరవలేదు, పరిగెత్తలేదు. గంప అక్కడే వదిలి వచ్చిన దారినే వెనక్కి నడిచాం. రోడ్డు ఎక్కాక చూస్తే పండ్ల కుప్ప పక్కన నల్లగా ఒకటి, దాని వీపు మీద ఇంకొకటి చిన్నది.

పిల్ల తల్లి. దాన్ని కాల్చాలని నాకు అనిపించలేదు. అలాగని దాన్ని ప్రేమించే స్థితిలోనూ లేను. నాకు అనిపించింది ఒకటే. ఆ కుప్పను దానికి విస్తరిలా వేసి పెట్టింది మేమే.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, మీరు రాసిందాంట్లో నేను చెప్పవలసిన పాఠమంతా ఉంది. ఆ జుర్రే శబ్దం దాని సహజ గుణమే. ఎలుగుకు పైదవడ ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను పీల్చుకుంటుంది. చాలా దూరం వినిపిస్తుంది. చలికాలంలో ఈనిన తల్లి పిల్లలను వీపున వేసుకుని బయట తిరిగే కాలం, మీ పంట కాలం ఒకటే. చూపు మందం, వాసన మహా చురుకు. తిండిలో తల దూర్చినప్పుడు మనిషి వచ్చిన సంగతి తెలియదు. తెలిసేసరికి మనిషి నాలుగు అడుగుల్లో ఉంటాడు, ముఖం మీదికి లేస్తుంది. తినడానికి కాదు, భయంతో. తోడేలుతో పోలిక ఇక్కడే తప్పుతుంది. బహరాయిచ్‌లో తోడేలు పిల్లవాణ్ణి తిండిగా చూసింది, ఎలుగు అలా చూడదు.

పిక్కల బస్తా

ముఖం పోయినవాడికి అది భయంతో చేసిందా, ఆకలితో చేసిందా అన్న తేడా ఉండదు మాస్టారూ. కానీ కుప్ప సంగతి ఒప్పుకుంటాను. మా తోటలోనూ అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక తుప్పలు కొట్టించడమే మానేశాం, చెట్లే సగం పోయినప్పుడు కూలి ఎవరు పెడతారు? ఆ తుప్పల్లోనే అవి పగలు పడుకుంటున్నాయి.

ఒక్క మాట మాత్రం వదలను. 2022లో కిడిసింగి ఎలుగుకు మత్తు ఇచ్చి పట్టారు, విశాఖ జూకు తీసుకెళ్తుంటే దారిలోనే చనిపోయింది. అప్పుడు నాకు తెలిసినవాళ్లు చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారు, నిజం. కానీ ఆ ముందురోజే మత్తు తుపాకీ ఊళ్లో ఉంటే? మనిషీ బతికేవాడేమో, ఎలుగూ బతికేదేమో. వేట వద్దంటే వద్దు. అయితే కబురు పెట్టగానే వచ్చే మనిషి నా మండలంలో ఉండాలి. నేను ఒకసారి ఫోను చేస్తే ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిప్పి, చివరికి ‘ఫొటో ఉందా’ అని అడిగారు. ఎలుగును నిలబెట్టి ఫొటో తీయాలట.

నల్లకోటు

ఇది కొంచెం పనికొచ్చే దారి. కేరళలో 2022లో అడవిపందుల విషయంలో పంచాయతీ అధ్యక్షులకే నిర్ణయాధికారం అప్పగించారు. పంది వేరే షెడ్యూలు కాబట్టి కుదిరింది, ఎలుగును కాల్చే ఉత్తర్వు పంచాయతీ చేతికి రాదు. కానీ సీజన్‌లో మండలానికొక గస్తీ బృందం, బోను, మత్తు ఇచ్చే పశువైద్యుడు కావాలని గ్రామసభ తీర్మానం చేయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. చంపడానికి అనుమతి కన్నా ఇది త్వరగా వస్తుందని నా అనుభవం.

మంద వెంట

తీర్మానంలో కరెంటు తీగల సంగతి కూడా పెట్టండి. పందుల కోసం మా వైపు పొలాల చుట్టూ తీగ వేస్తున్నారు, రేపు ఎలుగుల కోసం వేస్తారు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. 2022 దాకా అది శ్రీకాకుళం జిల్లానే. ఏనుగు చచ్చే తీగకు గొర్రెలు తోలే పిల్లవాడు ఒక లెక్కా?

పిక్కల బస్తా

పెడతాను. మా వీధిలో రెండు పొలాలకు ఆ తీగ ఉంది, పేర్లు రాయను.

గెడ్డ ఒడ్డు

అన్నయ్యా, ఇంకొకటి. మేం ఐదు తోటలవాళ్లం కలిసి ఈసారి ఏడు దాటాకే లోపలికి వెళ్లాలని, రాత్రి కాపలాకు ఇద్దరు మగవాళ్లు వంతులేసుకుని గట్టు మీద డబ్బా వాయిస్తూ ఉండాలని అనుకున్నాం. డబ్బా దొంగకూ పనిచేస్తుంది, ఎలుగుకూ పనిచేస్తుంది. పండ్లను సాయంత్రం ఎడ్లబండిలో ఎత్తి గెడ్డ (వాగు) అవతల పారబోస్తున్నాం. పది రోజులైంది.

పిక్కల బస్తా

పిక్కలు ఎన్ని తగ్గాయి? నిజం చెప్పాలి.

గెడ్డ ఒడ్డు

మొదటి వారం గంపకు గంప తగ్గింది, అమ్మ నాతో మాట్లాడలేదు. మొన్నటి నుంచి సర్దుకుంది. నిన్న డబ్బా వంతు వేసుకున్నవాడు నిద్రపోయాడు, రెండు చెట్ల కింద ఖాళీ. ఎలుగు కాదు, చెప్పుల అడుగులు.

పిక్కల బస్తా

మా వైపు పదిహేను మంది అవుతాం. ఆదివారం మీ తోట చూడటానికి రావచ్చా? వేట అనుమతి మాట నేను వెనక్కి తీసుకోలేదు, మాస్టారు తొందరపడి సంతోషించవద్దు.