క్యాంపస్ ఆఫర్ వదిలేసి కంపైలర్ల వైపు వెళ్తానంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

కందుకూరు_అన్న
మా తమ్ముడు ఒంగోలులో బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది. క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ ఆఫర్ వచ్చింది. వాడేమో అది వద్దు, ఏడాది ఇంట్లోనే ఉండి ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటా, కంపైలర్ ఇంజినీర్‌నవుతా అంటున్నాడు. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చేదట. నాన్నది పొగాకు సేద్యం, ఆకు ఆరబెట్టే బ్యారన్ కోసం చేసిన అప్పు అలాగే ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ లైన్లో నిజంగా ఉద్యోగాలున్నాయా, వీడి మోజేనా?

పెన్నాగట్టు
మోజే. మన కాలేజీల్లో కంపైలర్ డిజైన్ అంటే ఫస్ట్, ఫాలో సెట్లు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడమే. ఆ టీముల్లో ఉండేది ఐఐటీ ఎంటెక్‌లు, పీహెచ్‌డీలు. ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఇప్పుడు కోడ్ ఏఐ రాసేస్తోంది. చేతిలో ఉన్న ఆఫర్ వదులుకోవడం ఏందబ్బా?

మూలాపేట_అమ్మాయి
అన్నా, ఖాళీలు తక్కువన్నది నిజం. మిగతాది ఒప్పుకోను. మాది నెల్లూరే. బెంగళూరులో ఒక చిప్ కంపెనీలో ఇదే పని చేస్తున్నా. ఐఐటీ మొహం చూడలేదు.

కొత్త ప్రాసెసర్ చేసిన ప్రతి కంపెనీకీ దానికి తగ్గ కంపైలర్ కావాలి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 2000లో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆద్వే మొదలుపెట్టిన ఎల్‌ఎల్‌వీఎం వచ్చాక మొత్తం మొదటి నుంచీ రాయక్కర్లేదు, తమ చిప్‌కి కావలసిన చివరి భాగం రాసుకుంటే సరిపోతుంది. స్విఫ్ట్, రస్ట్ భాషలు దాని మీదే నడుస్తున్నాయి. ఏఐ అంటారా, జీపీయూలకి (ఏఐ లెక్కలకి వాడే చిప్‌లు) కోడ్ తయారుచేసే ట్రైటన్ కూడా కంపైలరే. ఏఐ చిప్‌లు వచ్చేకొద్దీ మాకు పని పెరిగిందే గానీ తగ్గలేదు.

మా పని ఇలా ఉంటుంది: 'ఓ0తో కంపైల్ చేస్తే జవాబు సరిగ్గా వస్తోంది, ఓ2తో తప్పొస్తోంది' అని బగ్ పెడతారు. ఓ0 అంటే కోడ్‌ని ఉన్నదున్నట్టు మార్చమని, ఓ2 అంటే వేగంగా నడిచేలా మెరుగుపరచమని కంపైలర్‌కి చెప్పడం. వేల లైన్ల ప్రోగ్రామ్‌ని తగ్గించుకుంటూ పది లైన్లకి తేవాలి. చాలాసార్లు తప్పు ప్రోగ్రామ్‌దే. సీ భాషలో ఇంట్ (పూర్ణసంఖ్య) గరిష్ఠ విలువ దాటితే ఏం జరగాలో నియమం లేదు. అందుకని 'ఎక్స్ ప్లస్ 1 అనేది ఎక్స్ కంటే పెద్దదా' అన్న చెక్‌ని కంపైలర్ 'ఎప్పుడూ అవును' అనుకుని తీసేస్తుంది. ఓవర్‌ఫ్లో (ఆ విలువ దాటడం) పట్టుకోవడానికి రాసుకున్న చెక్కే గల్లంతు! ఇది అవతలి టీమ్‌కి నచ్చజెప్పడం బగ్ పట్టుకోవడం కంటే కష్టం.

మీ తమ్ముడిని కంపైలర్ ఇచ్చిన కోడ్‌ని చూపించే కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో 1 నుంచి ఎన్ దాకా కూడే లూప్ రాసి, క్లాంగ్ అనే సీ కంపైలర్‌కి ఓ2 ఇవ్వమనండి. లూప్ పోయి గుణకారం మిగులుతుంది. ఎందుకో తేలేదాకా వదలకపోతే వాడు ఈ లైన్‌కి పనికొస్తాడు. 'భలే ఉందే' అని ట్యాబ్ మూసేస్తే మాత్రం మోజే.

చీమకుర్తి_రాయి
కంపైలరే ఎందుకు? ఎడిటర్లు, డీబగ్గర్ల వైపు రావచ్చుగా. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ బయటపెట్టాక, ఒక భాషకి ఒక సర్వర్ (కోడ్‌లో తప్పులు చూపించడం లాంటివి చేసే ప్రోగ్రామ్) రాస్తే దాన్ని చాలా ఎడిటర్లు వాడుకుంటున్నాయి. కొత్తవాళ్లు దూరడానికి ఇది కాస్త తేలిక. కాకపోతే ఒకటి. నేను టూల్స్ టీమ్‌లోనే ఉన్నా. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట మా మీదే కన్ను పడింది. మాకు బయట కస్టమర్ లేడుగా.

కందుకూరు_అన్న
అక్కా, ఇంతకీ ఆఫర్ వదలమంటారా?

మూలాపేట_అమ్మాయి
వద్దు. అక్కడ పెన్నాగట్టు అన్న మాటే రైటు. ఇంట్లో అప్పు పెట్టుకుని ఏడాది ఖాళీగా ఉండటం దేనికి? జాయినింగ్ డేట్ వచ్చేలోపు గిట్‌హబ్‌లో ఎల్‌ఎల్‌వీఎం ఇష్యూల్లో 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' (కొత్తవాళ్లకి తగినది) లేబుల్ ఉన్నది ఒకటి పట్టుకోమనండి. దానికి ముందు ఎల్‌ఎల్‌వీఎంని తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసుకోవాలి. డీబగ్ బిల్డ్ పెడితే మామూలు ల్యాప్‌టాప్ ర్యామ్ చాలక లింకింగ్ (ముక్కలన్నీ కలిపే దశ) దగ్గర చతికిలబడుతుంది. రిలీజ్ మోడ్, ఒక్క ఎక్స్86 (మామూలు పీసీ చిప్ రకం) టార్గెట్ చాలు. పంపిన ప్యాచ్ (మార్పు) రివ్యూకి వారాలు పట్టొచ్చు, అలగకూడదు.

పెన్నాగట్టు
ప్యాచ్ మెర్జ్ అయితే, అంటే వాళ్లు తీసుకుంటే, జీతమొస్తుందా?

మూలాపేట_అమ్మాయి
రాదన్నా, ఇంటర్వ్యూ వస్తుంది. మా టీమ్‌లో రెజ్యూమె చూస్తే కాలేజీ పేరు కంటే ముందు ఆ లింకే తెరుస్తాం.

పెన్నాగట్టు
మీ టీమ్‌లో సరే. రెజ్యూమె మీ దాకా రావాలంటే ముందు హెచ్‌ఆర్ దాటాలిగా, వాళ్లు చూసేది కాలేజీ పేరే.