యూనిఫారంలో ఫారం ఎక్కడిది?

విజయవాడ నుంచి:
అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లిష్ పెద్దాయన తన చిన్ననాటి సంగతులు రాసుకుంటే వాటిని తెలుగు చేస్తున్నాను. 1950ల ఇంగ్లండు, గ్రామర్ స్కూలు, ఆ స్కూలు బట్టలు. మొదటి పేజీలోనే రెండు చోట్ల ఆగిపోయాను. గ్రామర్ స్కూలుకి 'వ్యాకరణ పాఠశాల' అని పెడితే మా అమ్మాయి చదివి, "పొద్దస్తమానం సంధులూ సమాసాలేనా నాన్నా వాళ్లకి?" అంది. యూనిఫాంకి పేపర్లలో వచ్చే 'ఏకరూప దుస్తులు' వాడాను. జీవో చదువుతున్నట్టుంది. కన్నడిగులకు సమవస్త్ర ఉంది, తమిళులకు సీరుడై ఉంది. మనకు నోటికొచ్చే మాటే లేదా? ఇంకొకటి, యూనిఫామా, యూనిఫారమా?

వరంగల్ నుంచి:
మా దగ్గర యూనిఫారమే అన్నా. యూనిఫాం అనేది టీవీలోనే వింటాం. బ్యాంకులో ఫారం, ఎమ్మార్వో ఆఫీసులో ఫారం, నింపీ నింపీ నోరు అటే తిరిగింది.

తెనాలి నుంచి:
నోరు తిరిగినా దారి తప్పలేదు బాబూ. బ్యాంకు ఫారమూ, యూనిఫారంలో ఫారమూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో ఫోర్మా అంటే రూపం. మూడో పిల్ల కూడా ఒకటుంది. మా నాన్నగారు థర్డ్ ఫారంతో చదువు ఆపేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో హైస్కూల్లో క్లాసుని ఫారం అనేవారు, ఫస్టు ఫారం నుంచి సిక్స్త్ ఫారం దాకా. ఆ లెక్క ఇంగ్లండు బళ్ల నుంచి దిగిందే. పాత గ్రామర్ స్కూలంటే చాలా చోట్ల ఒకటే పెద్ద హాలు. గోడల వెంబడి పొడుగాటి బెంచీలు. బెంచీకి కూడా ఇంగ్లిష్‌లో ఫారం అని పేరు. ఒక బెంచీ మీద కూర్చునే పిల్లలంతా ఒక ఫారం అయ్యారని ఒక వివరణ. మీ పెద్దాయన 'ఫోర్త్ ఫారం' అని రాసి ఉంటే దాన్ని తొమ్మిదో తరగతిగా మార్చకండి. మన తాతల మాట అది, అలాగే ఉంచండి.

ఇక గ్రామర్ స్కూలు. అక్కడ గ్రామర్ అంటే లాటిన్ గ్రామరు. చర్చికీ కోర్టుకీ లాటిన్ కావాలి గనక దాన్ని నేర్పడానికి పెట్టిన బళ్లు. ఆరో ఎడ్వర్డ్ రాజు పేరు మీద 1550లలో వచ్చినవి ఇప్పటికీ నడుస్తున్నాయి, బర్మింగ్‌హామ్‌ది 1552, స్ట్రాట్‌ఫర్డ్‌ది 1553. ఈ మాటకు అర్థమేమిటని ఏకంగా కోర్టులో కేసు నడిచింది. లీడ్స్ గ్రామర్ స్కూలు పెద్దలు ఫ్రెంచి, జర్మన్, లెక్కలు కూడా చెప్పిద్దామనుకున్నారు, హెడ్మాస్టరు అడ్డుపడ్డాడు. 1805లో లార్డ్ ఎల్డన్ తీర్పు చెబుతూ జాన్సన్ డిక్షనరీ తెరిచాడు. అందులో గ్రామర్ స్కూలంటే ప్రాచీన భాషలను వ్యాకరణబద్ధంగా నేర్పే బడి అని ఉంది. కాబట్టి గ్రామర్ స్కూలు కోసం దాత ఇచ్చిన సొమ్ము వేరే చదువులకు మళ్లించడం కుదరదన్నాడు. దీన్ని సడలించడానికి 1840లో పార్లమెంటు చట్టం చెయ్యాల్సి వచ్చింది. నిఘంటువు రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని నేను క్లాసులో చెప్పినప్పుడల్లా ఈ కేసే గుర్తొచ్చేది.

అన్నట్టు గ్లామర్ కూడా గ్రామర్ కూతురే. చదువుకున్నవాడికి మంత్రాలు కూడా వస్తాయని జనం నమ్మిన రోజుల్లో స్కాట్లండు వాళ్ల నోట్లో గ్రామర్ కాస్తా గ్లామర్ అయింది, కనికట్టు అనే అర్థంలో. మీ అమ్మాయికి చెప్పండి, సంధులూ సమాసాలంటే చిన్నచూపు తగ్గుతుంది.

విజయవాడ నుంచి:
మాస్టారూ, దణ్ణం. మరి ఆ 1552 పిల్లలకు కూడా యూనిఫారం ఉండేదా?

తెనాలి నుంచి:
ఉండేది. కానీ గొప్ప కోసం కాదు. 1552లోనే లండన్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ పెట్టారు. పేరు చూసి ఆసుపత్రి అనుకోకండి, దిక్కులేని పిల్లలకు కూడూ గుడ్డా చదువూ ఇచ్చిన చోటు. ఆ ఇచ్చిన గుడ్డే యూనిఫారం. చీలమండల దాకా నీలం కోటు, నడుముకు తోలు బెల్టు, మెడ దగ్గర రెండు తెల్లటి పట్టీలు, కాళ్లకు పసుపు మేజోళ్లు. నీలం రంగు చవక. నౌకర్లూ పని నేర్చుకునే కుర్రాళ్లూ వేసుకునే రంగు అది. పసుపు రంగుంటే పురుగూ పుట్రా దగ్గరికి రావని నమ్మకం. ఇలాంటి ధర్మబళ్లు తర్వాత చాలా వచ్చాయి, అన్నిటినీ కలిపి బ్లూకోట్ స్కూళ్లన్నారు. దారిన పోయేవాడికి కోటు చూడగానే తెలిసిపోవాలి, ఈ పిల్లవాడు ఎవరి సొమ్ము తింటున్నాడో. ఆ బడి 1902లో హార్షం అనే ఊరికి మారింది. ఇప్పటికీ ఆ కోటే, ఇప్పటికీ బట్టలు బడే ఇస్తుంది. కాకపోతే ఇప్పుడు ఆ కోటు చూసి జాలిపడేవాడు లేడు.

డబ్బున్న పిల్లలు తమకు నచ్చినవి వేసుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చాక ఆటల జట్లు రంగులు పట్టుకున్నాయి, ఆ రంగులు మైదానం దాటి క్లాసులోకి వచ్చాయి. మీ పెద్దాయన బ్లేజర్ సంగతి చూడండి. కేంబ్రిడ్జ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీకి లేడీ మార్గరెట్ బోట్ క్లబ్ అని ఉంది. వాళ్ల పడవ జట్టు వేసుకునే ఎర్ర కోటు మంటలా కనిపించేది గనక దాన్ని బ్లేజర్ అన్నారు. 1889లో ఒకాయన డైలీ న్యూస్ పత్రికకు ఉత్తరం రాసి వాపోయాడు: మా రోజుల్లో బ్లేజర్ అంటే ఆ ఎర్ర కోటు ఒక్కటే, ఇప్పుడు ఏ రంగు కోటునైనా అలా అనేస్తున్నారు అని. ఇలాంటి ఉత్తరాలు రాసే మాలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట. బ్లేజర్ అనే ఓడ కెప్టెన్ తన మనుషులకు చారల కోట్లు కుట్టించాడనే కథ కూడా చెబుతారు. నాకు మాత్రం కథలాగే ఉంది.

ఇంగ్లండులో 1902 విద్యా చట్టం తర్వాత జిల్లాల్లోనూ పట్నాల్లోనూ ప్రభుత్వ సెకండరీ స్కూళ్లు వచ్చాయి. చాలావాటికి గ్రామర్ స్కూలనిపించుకోవాలని ఉబలాటం. టోపీ, టై, బ్లేజరు, జేబు మీద లాటిన్ ముక్కతో బ్యాడ్జి, అన్నీ పెద్దింటి బళ్లను చూసి తెచ్చుకున్నవే.

స్లౌ నుంచి:
మాస్టారూ, ఆడపిల్లలను మరిచిపోయారు. ఇక్కడ ఇంగ్లండులో మా పక్కింటి బామ్మగారు 1950లలో గ్రామర్ స్కూల్లో చదివారు. వాళ్లకి జిమ్‌స్లిప్, అంటే చేతుల్లేని మడతల గౌను, లోపల చొక్కా. వ్యాయామం కోసం 1890లలో పుట్టిన గౌను అది, తర్వాత క్లాసులోకి వచ్చేసింది. మోకాళ్ల మీద నిలబెట్టి, గౌను అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో టీచరు స్కేలు పెట్టి కొలిచేదట. జిమ్ అనే మాట గ్రీకులో 'బట్టల్లేకుండా' అనే మాట నుంచి వచ్చిందని చెబితే ఆవిడ టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వారు.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి. 1944 చట్టంతో గ్రామర్ స్కూళ్లలో ఫీజు పోయింది. పదకొండో ఏట పరీక్ష, ఎలెవెన్ ప్లస్, పాసైతే చాలు. కానీ యూనిఫారం కొనాల్సింది ఇంట్లోవాళ్లే. వాళ్ల వీధిలో ఒకమ్మాయి పాసైంది, బట్టల లిస్టు చూసి వాళ్ల నాన్న వద్దన్నాడట. అంతకుముందైతే 1941 నుంచి 1949 దాకా బట్టలకు రేషన్ కూపన్లు, చేతిలో డబ్బున్నా కూపను లేకపోతే కోటు రాదు. పాసైన పిల్ల ఒక టోపీ, తప్పిన చెల్లెలు ఇంకో బడి. ఒకే బస్‌స్టాపులో నిలబడితే ఏ పిల్ల ఎక్కడికో ఊరంతటికీ తెలిసేది. దీన్ని 'ఏకరూపం' అంటే ఎలాగండీ? విడదీయడానికేగా ఆ బట్టలు!

1965 తర్వాత చాలా గ్రామర్ స్కూళ్లు ఆ పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే బళ్లుగా మారిపోయాయి, ఇప్పుడు ఇంగ్లండు మొత్తానికి 163 మిగిలాయి. మా స్లౌలో ఉన్నాయి గనక మన తెలుగువాళ్ల ఇళ్లల్లో నాలుగో క్లాసు నుంచే టెన్షన్. మావాడికి సీటొచ్చింది. బ్లేజరు రెండు సైజులు పెద్దది కొన్నాం, ఎదుగుతాడు కదా అని. చేతులు గోళ్ల దాకా వస్తున్నాయి. మొదటిరోజు ఫోటోలో కోటే ఉంది, వాడు లేడు.

వరంగల్ నుంచి:
అక్కా, మనదీ అదే కథ. అన్న లాగు తమ్ముడికి, రెండు మడతలు ఎక్కువ పెట్టి. గ్రామర్ స్కూలు పిల్లలకు లాగులు ఉండేవా?

స్లౌ నుంచి:
చిన్నక్లాసుల్లో లాగులే, ఎంత చలైనా సరే. ప్యాంటు వేసుకునే రోజు కోసం ఎదురుచూసేవారట.

విజయవాడ నుంచి:
తేలిపోయింది. గ్రామర్ స్కూలుని గ్రామర్ స్కూలుగానే ఉంచుతాను. హైదరాబాదులో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834 నుంచి ఉంది, దాన్నెవరూ వ్యాకరణ పాఠశాల అనలేదు. యూనిఫారం కూడా ర తోనే. చివరిగా ఒక్క వాక్యం చూసి పెట్టండి: "మొదటిరోజు బడిలో మాకందరికీ టోపీ పెట్టారు."

వరంగల్ నుంచి:
ఫీజు కూడా తీసుకున్నారా అన్నా?

తెనాలి నుంచి:
'టోపీలిచ్చారు' అని రాయండి నాయనా.