మహేంద్రగిరికి ఒక్క రోజులో వెళ్ళిరాగలమా?

మాది పలాస. డిసెంబరులో నాన్నతో మహేంద్రగిరి వెళ్దామనుకుంటున్నాను. ఆయనకు 58 ఏళ్ళు. రోజంతా జీడితోటలో తిరిగే మనిషే, కానీ దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. అదే టెన్షన్. చీకటి పడేలోపు దిగిపోగలమా?

జవాబు: వెళ్ళిరావచ్చండీ. కానీ 1,501 మీటర్ల కొండ, మొత్తం నడవాలని పెట్టుకోకండి. ఒడిశా వైపు రోడ్డుంది. బండి మీద కొంత ఎక్కి, మిగతాది అడవిలో నడవండి. పైకెళ్ళాక చెట్లు పలచబడి గడ్డి మొదలవుతుంది. భీముడి గుడి రాతిదిమ్మెల మీద చెయ్యి పెట్టి చూడండి, ఎండలోనూ చల్లగా తగులుతాయి. నాకు కొండంతటిలో అదే ఇష్టం.

జవాబు: శివరాత్రికి మాత్రం వద్దు, విపరీతమైన జనం. నాన్నగారికి చేతికర్ర ఇవ్వండి, దిగేటప్పుడు అడ్డంగా అడుగులేయమనండి. మా అమ్మ అలాగే దిగింది. పులిహోర కట్టుకెళ్ళండి.

చాలా థాంక్సండీ. కర్ర ఇవాళే కోయిస్తాను.