కనానేయ రాంచ్: 1958లో మెక్సికో ప్రభుత్వం తీసుకోవడం న్యాయమేనా?

టూసాన్ రాజు

అరిజోనాలో ఉండే మనవాళ్ళు శని, ఆదివారాలు టూంబ్‌స్టోన్, బిస్బీ చూసి వెనక్కి వచ్చేస్తుంటారు. సరిహద్దు దాటి గంట ప్రయాణం చేస్తే సొనోరా రాష్ట్రంలో కనానేయ అనే రాగి గనుల ఊరు వస్తుంది. దాని చుట్టూ ఉన్న పచ్చిక భూముల గురించే ఈ పోస్ట్.

విలియం గ్రీన్ అనే అమెరికన్ 1899లో అక్కడ రాగి కంపెనీ పెట్టాడు. గనితో పాటు చుట్టుపక్కల లక్షల ఎకరాల మేత భూమి కూడబెట్టాడు. 1907 ఆర్థిక సంక్షోభంతో గని మీద పట్టు పోయింది కానీ పశువుల కంపెనీ కుటుంబానికి మిగిలింది. 1911లో ఆయన చనిపోయాక భార్యా పిల్లలు మెక్సికో విప్లవాన్నీ, పశువులను తోలుకుపోయిన సైన్యాలనూ, కరువులనూ తట్టుకుని రాంచ్‌ను నిలబెట్టారు. హియర్‌ఫర్డ్ జాతి పశువులను పెంచారు. 1958లో ప్రభుత్వం ఆ భూమి స్వాధీనం చేసుకుని, భూమి లేనివాళ్ళకు ఎహీదోల కింద ఇచ్చేసింది. (ఎహీదో అంటే ఊరి ఉమ్మడి సాగు భూమి. వాడుకునే హక్కు సభ్యులది, అప్పట్లో అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు.)

నా అనుమానం ఇదీ. తండ్రి ఎలా సంపాదించాడన్నది పక్కన పెడదాం. యాభై ఏళ్ళ దగ్గర దగ్గర ఆ నేల మీద బతికిన పిల్లల దగ్గర నుంచి లాక్కోవడం న్యాయమా? నా వరకు నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

జనగామ శ్రీను

రాజన్నా, తండ్రి సంగతి పక్కన ఎట్లా పెడతాం? భూమి తండ్రి నుంచి కావాలి, చరిత్ర మాత్రం వద్దంటే కుదరదు కదా.

మెక్సికో నియంత పోర్ఫిరియో దియాస్ కాలంలో, 1883 చట్టం కింద, సర్వే కంపెనీలకు పని అప్పగించారు. బీడు భూములు కొలిచి పెడితే కొలిచినదాంట్లో మూడో వంతు కంపెనీదే. బీడు అంటే ఎవరిది? కాగితం లేని ప్రతివాడిదీ! ఊరుమ్మడి భూములూ, ఆదివాసుల భూములూ ఆ కొలతలోనే పోయాయి. అదే సొనోరాలో యాకీ తెగవాళ్ళను నేల మీద నుంచి తరిమి, పట్టుకుని, దేశం ఇంకో చివర యుకతాన్‌లో నార తోటలకు కూలీలుగా పంపించారు. అక్కడ ఎంతమంది చచ్చిపోయారో లెక్కే లేదు. ఆ దొరతనం నడిచిన రోజుల్లో గ్రీన్‌కు అంత భూమి చవగ్గా దొరికింది.

1906లో అదే కనానేయ గనిలో మెక్సికన్ కార్మికులు 8 గంటల పని, 5 పెసోల కూలి అడిగి సమ్మె చేశారు. అదే పనికి అమెరికన్లకు ఎక్కువ ఇస్తున్నారన్నది వాళ్ళ బాధ. సమ్మె అణచడానికి అరిజోనా నుంచి సాయుధులు సరిహద్దు దాటి వచ్చారు. ఇంకో దేశం తుపాకులతో కాపాడుకున్న ఆస్తిని 52 ఏళ్ళ తర్వాత సొంత దేశం చట్టంతో తీసుకుంది. ఇందులో అన్యాయం నాకు కనపడలే.

లాయర్ బాబాయ్

ఇద్దరూ ఆవేశంలో చట్టాన్ని మర్చిపోయారు, కాస్త అది కూడా చూద్దాం.

1917 మెక్సికో రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం భూమి, నీరు మొదట జాతివి. ప్రైవేటు ఆస్తి అనేది జాతి ఇచ్చిన హక్కు మాత్రమే. అదే అధికరణంలో ఇంకో షరతు ఉంది: సరిహద్దు నుంచి 100 కిలోమీటర్లు, సముద్ర తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు విదేశీయులు నేరుగా భూమి సొంతం చేసుకోకూడదు. టెక్సస్ పోయింది, 1848లో సగం దేశం పోయింది, ఆ భయం ఆ అంకెల్లో ఉంది. కనానేయ ఆ పట్టీ లోపలే వస్తుంది. గ్రీన్ కుటుంబం లాంటివాళ్ళు పాత హక్కుల మీద నెట్టుకొచ్చారు తప్ప, 1917 తర్వాత కాళ్ళ కింద నేల గట్టిగా లేదని వాళ్ళకూ తెలుసు. కాబట్టి 1958 హఠాత్తుగా వచ్చి పడ్డ పిడుగు కాదు.

ఇక డబ్బు సంగతి. మెక్సికో అధ్యక్షుడు కార్దెనాస్ 1934–40 మధ్య సుమారు 1.8 కోట్ల హెక్టార్లు పంచాడు. అందులో అమెరికన్ల భూములూ ఉన్నాయి. 1938లో అమెరికా విదేశాంగ మంత్రి కోర్డెల్ హల్ రాసిన లేఖల సారం ఏంటంటే, తీసుకునే హక్కు మీకుంది, కానీ పరిహారం వెంటనే, తగినంత, చెల్లే డబ్బులో ఇవ్వాలి. అందరికీ వర్తించే భూసంస్కరణకు వెంటనే చెల్లించాలనే నియమం అంతర్జాతీయ న్యాయంలో లేదని మెక్సికో జవాబిచ్చింది. మా దేశస్థుడికి లేని రక్షణ పరాయివాడికి ఎందుకని దాని భావం. చివరికి 1941లో 4 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. యుద్ధం ముంచుకొస్తోంది, రూజ్‌వెల్ట్‌కు పొరుగువాడితో గొడవ అక్కర్లేదు. అంటే ఆ ధర న్యాయస్థానంలో తేలలేదు, అవసరంలో తేలింది.

ఇంకో విషయం, ఇది శ్రీను కోసం. మెక్సికోలోని చివావా రాష్ట్రంలో బబీకోరా అని పత్రికాధిపతి హర్స్ట్ కుటుంబానికి పది లక్షల ఎకరాల పైచిలుకు రాంచ్ ఉండేది. 1953లో ప్రభుత్వం దాన్ని 25 లక్షల డాలర్లు ఇచ్చి తీసుకుంది. అదే చివావాలో విప్లవ నాయకుడు ప్యాంచో విల్యా భూములు జప్తు చేసిన తెర్రాసాస్ అనే భూస్వాముల కుటుంబానికి 1922లో సుమారు 1.3 కోట్ల పెసోలు ముట్టాయి. విప్లవం ఎవరి మీద జరిగిందో వాళ్ళకే విప్లవ ప్రభుత్వం డబ్బు కట్టింది. పేరున్నవాడికి పరిహారం ఎలాగోలా అందుతుంది బాబూ, ఏ దేశంలోనైనా.

టూసాన్ రాజు

బాబాయ్ గారూ, చాలా కొత్త విషయాలు చెప్పారు, థాంక్స్. కానీ మీరు చెప్పినదాన్ని బట్టే నా వాదన ఇంకా బలపడుతోంది.

అదే కార్దెనాస్ 1937లో పశువుల రాంచ్‌లకు 25 ఏళ్ళు జోలికి రాబోమని హామీ పత్రాలిచ్చే చట్టం చేశాడు. ఎందుకంటే భూమి పోతుందన్న టెన్షన్‌లో ఎవరూ బావి తవ్వరు, కంచె వేయరు, మేలు జాతి ఎద్దును కొనరు. ఆ పొడి నేలలో ఒక ఆవుకు ఎన్నో ఎకరాలు కావాలి. గోదావరి జిల్లా లెక్కలో చూసి ‘అమ్మో లక్షల ఎకరాలు’ అంటే ఎలా? పదెకరాల ముక్కలు చేస్తే అక్కడ మేక కూడా బతకదు. ఒక చేత్తో హామీ, ఇంకో చేత్తో స్వాధీనం అయితే ప్రభుత్వం మాటకు విలువేముంది?

జనగామ శ్రీను

ముక్కలు చెయ్యలేదన్నా. కనానేయలో ఇచ్చినవి ఉమ్మడిగా పశువులు పెంచుకునే ఎహీదోలు. ఆ పొడి నేల సంగతి అక్కడి కూలీలకు తెలియదనుకున్నవా? గ్రీన్ పశువులను మేపింది వాళ్ళే కదా.

ఇంకోటి, 1958లో ప్రభుత్వం దయ తలచి ఇయ్యలేదు. ఆ ఏడు మొదట్లో హసీంతో లోపెస్ నాయకత్వంలో వేలమంది రైతు కూలీలు భూముల్లోకి దిగారు. ఆయన్ను జైల్లో పెట్టారు. ముందు నాయకుడికి జైలు, తర్వాత భూమి పంపకం. మన తెలంగాణోళ్ళకు ఈ వరుస కొత్తా?

మెక్‌అలెన్ పద్మ

ఇన్ని రోజులూ చదివి ఊరుకుంటున్నాను గానీ ఇప్పుడు రాయాలనిపించింది. నేను టెక్సస్ చివర్లో, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ఊళ్ళో నర్సుగా చేస్తున్నాను. మీరు మెక్సికో వైపే చూస్తున్నారు. నదికి ఇటువైపు ఏం జరిగిందో కూడా చూడండి.

1767లో స్పెయిన్ రాజు తరఫు అధికారులు వచ్చి ఇక్కడి కుటుంబాలకు భూములు పంచారు. వాటిని ‘పోర్సియోనెస్’ అంటారు. మ్యాప్‌లో చూస్తే భలే విచిత్రంగా ఉంటాయి. నది వైపు సన్నగా, లోపలికి మైళ్ళ పొడవునా, పట్టీల్లా. ప్రతి కుటుంబానికీ నీళ్ళు అందాలని అలా కొలిచారు. పశువులు వెనక మేసి, ముందుకొచ్చి నీళ్ళు తాగాలి. తర్వాత దేశం మారింది, పిల్లలు పంచుకున్నారు, మోసాల్లో, కోర్టుల్లో చాలా పోయింది. అయినా అదే కుటుంబాల చేతిలో కొన్ని ఎకరాలు ఇప్పటికీ ఉన్నాయి.

2006లో సరిహద్దు కంచె చట్టం వచ్చింది. నది వరద వచ్చే ప్రాంతంలో కట్టడాలకు మెక్సికోతో ఒప్పందం అడ్డం వస్తుంది కాబట్టి చాలా చోట్ల కంచెను నది అంచున కాకుండా లోపలున్న కరకట్ట మీద కట్టారు. ఆ పొడవాటి పట్టీకి అడ్డంగా! తీసుకున్నది కొద్ది వెడల్పు స్థలమే, పరిహారం కూడా దానికే లెక్క కట్టారు. కానీ పొలం అవతల పక్క నీళ్ళు, పంపు, చెట్లు అన్నీ కంచె వెనక ఉండిపోయాయి. సొంత పొలంలోకి పోవాలంటే గేటు దగ్గర కోడ్ నొక్కాలి. కరెంటు పోతే గేటు తెరుచుకుంటుందా లేదా అని మా ఆస్పత్రికొచ్చే ఒక పెద్దాయన బీపీ చూపించుకుంటూ అడిగాడు నన్ను. నేనేం చెప్తాను?

రాజు గారూ, మెక్సికో లాక్కుంటే అన్యాయం, అమెరికా తీసుకుంటే దేశభద్రతా?

లాయర్ బాబాయ్

పద్మ గారు మంచి పాయింట్ లేవనెత్తారు. దాని వెనక 1931 నాటి చట్టం ఒకటుంది. ప్రభుత్వం ‘తీసుకుంటున్నాం’ అని కోర్టులో ప్రకటన వేసి, తను అంచనా వేసిన డబ్బు జమ చేస్తే చాలు, ఆ క్షణమే హక్కు ప్రభుత్వానిది. మీరు ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాదించుకునేది ఎక్కువగా ధర గురించే. రాజ్యాంగం ఐదో సవరణ ‘న్యాయమైన పరిహారం’ అంటుంది, నిజమే. లాయర్‌ను పెట్టుకున్నవాడికి ఒక ధర, మొదటి కాగితం మీదే సంతకం పెట్టినవాడికి ఒక ధర. దక్షిణ టెక్సస్‌లో వందల కేసులు అలా నడిచాయి.

టూసాన్ రాజు

పద్మ గారూ, అమెరికా తీసుకుంటే కూడా అన్యాయమే అంటాను. నాకు జెండాతో పని లేదు. నా వాదనంతా కుటుంబం పక్షానే.

నంద్యాల బాషా

రాజు గారి ‘కుటుంబం’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. గ్రీన్ వారసులూ కుటుంబమే, పద్మ గారు చెప్పిన పెద్దాయనదీ కుటుంబమే. ఇద్దరినీ ఒక గాట కట్టొద్దు.

మాది శ్రీశైలం ముంపు కుటుంబం. మా తాత భూమి కృష్ణ నీళ్ళ కింద ఉంది. ఎండాకాలం రిజర్వాయర్ తగ్గినప్పుడు ఆ బురదలో ఇప్పటికీ చాలామంది పంటేసుకుంటారు, నీళ్ళు తిరిగొచ్చేలోపు కోసుకోవాలి. ఇంటికో ఉద్యోగం అని 1986లో 98 జీవో ఇచ్చారు. మా చిన్నాయన ఆ జీవో కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఉద్యోగ వయసు దాటిపోయాక తిరగడం మానేశాడు. పద్మ గారి నది మీదే 1953లో ఫాల్కన్ డ్యామ్ కింద జపాటా ఊరు మునిగింది. కొత్త ఇళ్ళు పూర్తిగా కాకముందే వరద వచ్చింది. ఆ సంగతి చదివినప్పుడు మావోళ్ళు అమెరికాలోనూ ఉన్నారే అనుకున్నా.

భూమి తీసుకోవడాన్ని మొత్తంగా తప్పనడం లేదు నేను. డ్యామ్ నీళ్ళు నేనూ తాగుతున్నా. కానీ తీసుకున్నాక తనకు మిగిలినదాంతో ఆ మనిషి మళ్ళీ నిలబడగలడా అన్నది చూడాలి. గ్రీన్ వారసులు నిలబడగలరు. కనానేయ పోయిన తర్వాత వాళ్ళెవరూ కూలికి పోయి ఉండరు. మా చిన్నాయన పోయాడు. చట్టం ఇద్దరికీ ఎకరానికి ఇంత అని ఒకే కొలత పెడితే అది సమానత్వం కాదు.

ఎన్నారై 77

అంటే డబ్బున్నవాడి ఆస్తి ఎవడైనా లాక్కోవచ్చా? రేపు మీ హైదరాబాద్ ప్లాట్‌కు కూడా ఇదే సూత్రం పెడదామా?

జనగామ శ్రీను

@ఎన్నారై 77: ‘ఎవడైనా’ కాదు సార్, చట్టం. మన దగ్గర కూడా 1973లో సీలింగు చట్టం వచ్చింది. మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. దాంతో దొరలు రోడ్డున పడ్డారా? కాగితం మీద విడాకులు తీసుకున్నారు, పాలేర్ల పేర్ల మీద రాశారు, పుట్టని పిల్లల పేర్లు కూడా రాశారని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. విసునూరు దొరకు 40 వేల ఎకరాలు ఉండేదంటారు. అది ప్లాట్ కాదు కదా.

మోడరేటర్

ప్లాట్ల గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి. ఇక్కడ సరిహద్దు రాంచ్‌ల గురించే.

టూసాన్ రాజు

బాషా గారి మాట కొంతవరకు ఒప్పుకుంటాను. మరి కొలత ఎవరు పెట్టాలి? ‘నువ్వు నిలబడగలవులే’ అని అధికారి తేల్చేస్తే, వాడికి నచ్చనివాడు ఎప్పుడూ నిలబడగలవాడే అవుతాడు. మార్కెట్ ధర మొరటు కొలతే, కానీ అది మనిషి మొహం చూడదు.

ఇంకో ప్రశ్న, శ్రీనుకి. 1992లో మెక్సికో 27వ అధికరణాన్నే సవరించి కొత్త పంపకాలు ఆపేసింది, ఎహీదో భూమిని సొంతం చేసుకుని అమ్ముకోవడానికి దారి తీసింది. ఆ లెక్కన గ్రీన్ పిల్లల దగ్గర లాక్కున్నది రేపు ఇంకో పెద్ద కంపెనీ కొనుక్కోవచ్చు. అప్పుడు 1958లో సాధించిందేంటి?

జనగామ శ్రీను

అమ్ముకుంటే అమ్ముకుంటారన్నా. అమ్మే హక్కు గ్రీన్ కొడుక్కి ఉండొచ్చు గానీ ఆయన పశువులు కాసినోడి కొడుక్కి ఉండొద్దా? ధర ఎంతో బేరం ఆడేది ఈసారి వాళ్ళు. 1958లో సాధించింది అదే.

మెక్‌అలెన్ పద్మ

బేరం ఆడే ఛాన్స్ మా పెద్దాయనకు రాలేదు. బాబాయ్ గారూ, కంచె వెనక మిగిలిపోయిన భూమి విలువ పడిపోయినందుకు వేరేగా అడగొచ్చా? ఆయనకు నోటీసు మళ్ళీ వచ్చిందట.

లాయర్ బాబాయ్

అడగొచ్చమ్మా. మిగిలిన భూమికి జరిగిన నష్టాన్ని కూడా పరిహారంలో కలపాలని అక్కడి కోర్టులు ఒప్పుకుంటాయి, కానీ నిరూపించే బరువు ఆయన మీదే ఉంటుంది. సంతకం పెట్టొద్దని చెప్పండి. కంచె రాకముందు ఆ పొలానికి వచ్చిన కౌలు రసీదులు, పంపు ఫొటోలు ఉంటే తీసి పెట్టుకోమనండి. అక్కడ సరిహద్దు భూముల కేసులు ఉచితంగా చూసే లాయర్లు ఉంటారు, ముందు వాళ్ళను కలవమనండి.